జ్ఞాన్ పోస్ట్: తక్కువ ధర పుస్తకాలు అమ్మేవారికి ఎంతవరకు ఆసరా?

కడపలో ఉండి పాత తెలుగు పుస్తకాలను, చిన్న ప్రచురణకర్తల దగ్గర అమ్ముడుపోకుండా మిగిలిన ప్రతులను ఆన్‌లైన్‌లో అమ్ముకునే నాలాంటివారికి ఈమధ్య పుస్తకం సంపాదించడం కన్నా దాన్ని పాఠకుడి ఇంటికి చేర్చడమే పెద్ద ఖర్చుగా మారింది. నూట ఇరవై రూపాయల పుస్తకానికి దాదాపు తొంభై రూపాయల తపాలా ఖర్చు చెబితే బేరమాడేవారు కూడా ఉండరు, వాట్సాప్‌లో మౌనంగా తప్పుకుంటారు. తపాలా శాఖ పుస్తకాల కోసం 2025 మే 1న ప్రారంభించిన జ్ఞాన్ పోస్ట్ అనే సేవ ఈ చిక్కును ఏ మేరకు తీర్చిందో, ఎక్కడ తీర్చలేకపోయిందో, దాన్ని నిత్యం వాడుతున్న విక్రేతగా ఇక్కడ వివరిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తొందర లేని, బరువైన, ధర తక్కువ పుస్తకాన్ని దూరానికి పంపాలంటే ప్రస్తుతం దీనికి సాటి వచ్చే సేవ నాకు కనిపించలేదు. కొనేవారు తొందరపడుతున్నప్పుడు, చేతిలో ఉన్నది మళ్లీ దొరకని ప్రతి అయినప్పుడు, పల్లెటూరి నుంచి పంపవలసి వచ్చినప్పుడు మాత్రం దీన్నే నమ్ముకుని కూర్చోలేము.

ఈ సేవ విలువ తెలియాలంటే దానికి ముందు ఏమి పోయిందో గుర్తు చేసుకోవాలి. చాలాకాలం పాటు పుస్తకాల వ్యాపారానికి ఊపిరిగా ఉన్నది రిజిస్టర్డ్ బుక్ పోస్ట్. కిలో పుస్తకాలకు 32 రూపాయలు, రెండు కిలోలకు 45, ఐదు కిలోలకు 80 రూపాయలు చొప్పున దేశంలో ఏ మూలకైనా పంపగలిగేవాళ్లం. రసీదు ఉండేది, నంబరు ఉండేది, చేరిందో లేదో చూసుకునే వీలుండేది. 2024 డిసెంబరులో ఆ సేవను నిలిపివేశారు. అప్పటి పార్సిల్ రేటు ప్రకారం ఐదు కిలోల కట్టకు రెండు వందల రూపాయలు దాటింది, అంటే ఒక్కసారిగా రెండున్నర రెట్లు పైబడి పెరిగినట్లయింది. పెద్ద ప్రచురణ సంస్థలకు కొరియర్ కంపెనీలతో ఒప్పందాలు ఉంటాయి కాబట్టి అవి తట్టుకోగలవు. ఇంట్లో ఒక గదిని గోదాముగా చేసుకుని అమ్మేవారికి ఆ వెసులుబాటు ఉండదు. ఆ నాలుగైదు నెలలు చాలామంది చిన్న విక్రేతలు ఆర్డర్లు తీసుకోవడమే తగ్గించేశారు.

జ్ఞాన్ పోస్ట్ రేట్లు చూస్తే పోయిన సేవ పూర్తిగా కాకపోయినా చాలావరకు తిరిగి వచ్చిందనే చెప్పాలి. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, కిలో వరకు 35, రెండు కిలోల వరకు 50, గరిష్ఠంగా ఐదు కిలోల వరకు 100 రూపాయలు. వీటిపై పన్ను అదనం. దూరాన్ని బట్టి రేటు మారదు. కడప నుంచి పక్కనున్న తిరుపతికి పంపినా, అస్సాంలో ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి పంపినా బరువు ఒకటైతే ఖర్చూ ఒకటే. దూరప్రాంతాల ఆర్డర్లంటే భయపడే చిన్న విక్రేతకు ఈ ఒక్క అంశమే పెద్ద ఊరట. అమ్మేచోట ఒకే ధరల పట్టిక పెట్టుకుని, చిరునామా అడగకముందే తపాలా ఖర్చు ఎంతో చెప్పేయవచ్చు. ప్యాకెట్టుకు ట్రాకింగ్ నంబరు కూడా ఉంటుంది కాబట్టి, పాత సాధారణ బుక్ పోస్ట్‌లాగా పంపినవాడూ ఎదురుచూసేవాడూ దేవుడి మీద భారం వేసి కూర్చోనక్కర్లేదు.

ఇక స్పీడ్ పోస్ట్‌తో పోల్చి చూడాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ను స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు, అదే ఏడాది అక్టోబరు 1న, స్పీడ్ పోస్ట్ డాక్యుమెంట్ల రేట్లను సవరించారు. అంతకుముందు 2012 అక్టోబరులో సవరించిన రేట్లే అప్పటిదాకా నడిచాయి కాబట్టి పదమూడేళ్ల తర్వాత పెంచడాన్ని అన్యాయమని నేను అనను. అయితే పెంపు ఎవరి మీద ఎంత పడిందో పట్టిక పక్కన పట్టిక పెట్టుకుని చూస్తేగానీ తెలియదు. 150 గ్రాముల పలుచని పుస్తకాన్ని కవరులో పెట్టి కడప నుంచి హైదరాబాదుకు పంపితే పాత రేటు 40 రూపాయలు; కొత్త రేటు 63. అదే 400 గ్రాములైతే 60 నుంచి 75కి చేరింది. రెండు వేల కిలోమీటర్లు దాటిన ఊరికి అదే 400 గ్రాములు పంపితే 90 నుంచి 93కి, అంటే మూడు రూపాయలే పెరిగింది. దూరాన ఉన్నవారికి దాదాపు పాత రేటే మిగిలింది, దగ్గర ఊళ్లకు పలుచని పుస్తకాలు పంపేవారి మీదే అసలు బరువు పడింది. మన తెలుగు పుస్తకాలు కొనేవారిలో ఎక్కువమంది హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, విజయవాడ వైపే ఉంటారు. కవితా సంకలనాలు, పిల్లల కథల పుస్తకాలు, శతకాలు పలుచగానే ఉంటాయి. కాబట్టి ఈ సవరణ సరిగ్గా మన వ్యాపారం నడిచే చోటే తగిలింది.

పన్ను సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది లెక్కలు తప్పేది ఇక్కడే. పైన చెప్పిన స్పీడ్ పోస్ట్ రేట్లకు 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. హైదరాబాదుకు 75 రూపాయల ప్యాకెట్టు కౌంటరు దగ్గర 88 రూపాయల 50 పైసలు అవుతుంది. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు, దాన్ని మోసుకెళ్లే ఖర్చు మీద మాత్రం ఉంది. పన్ను లేని సరుకు అమ్మేవారు ఖర్చుల మీద కట్టిన పన్నును తిరిగి మినహాయించుకోలేరు కాబట్టి, వస్త్రాలో పచ్చళ్లో అమ్మే జీఎస్టీ నమోదిత వ్యాపారికి లెక్కలో సర్దుబాటయ్యే ఆ పదమూడున్నర రూపాయలు పుస్తకాలవాడికి నేరుగా చేతి నుంచే పోతాయి. జ్ఞాన్ పోస్ట్ మీద కూడా పన్ను ఉంది, కానీ అసలు రేటే తక్కువ కాబట్టి దాని పోటు అంతగా తెలియదు. 300 గ్రాముల లోపు పుస్తకం పన్నుతో కలిపి పాతిక రూపాయల లోపే వెళ్లిపోతుంది, కిలో కట్ట నలభై పైచిలుకుతో సరిపోతుంది.

ఇంత చవకైన సేవకు షరతులు ఉండటం సహజమే. పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, సాంస్కృతిక, సామాజిక, మతపరమైన పుస్తకాలు పంపవచ్చు. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. ప్రకటనలతో నిండిన వాణిజ్య ప్రచురణలు కుదరవు, వ్యక్తిగత ఉత్తరాలు లోపల పెట్టకూడదు. ఈ చివరి షరతు చిన్నదిగా కనిపించినా మాకు ఇబ్బందే, ఎందుకంటే పుస్తకంతో పాటు నాలుగు మాటలు చేతితో రాసి పంపడం చిన్న విక్రేతలకు అలవాటు, కొనేవారికీ అది ఇష్టం. ఇప్పుడు ఆ నాలుగు మాటలు ఫోన్‌లోనే పంపుతున్నాను. పాత పుస్తకాలు అమ్మేవారు మరొకటి గమనించాలి. అట్ట ఊడిపోయి, మొదటి పుటలు చిరిగిపోయిన ప్రతిలో ప్రచురణకర్త పేరు ఎక్కడా కనిపించకపోతే కౌంటరులో ప్రశ్న రావడానికి అవకాశం ఉంది. అటువంటి ప్రతులకు చివరి పుటలో అచ్చాఫీసు పేరు ఉన్నదేమో ముందుగానే వెతికి, అక్కడ ఒక కాగితపు చీటీ గుర్తుగా పెట్టి తీసుకెళ్లడం మంచిది.

షరతుల కన్నా పెద్ద ఇబ్బంది వాటిని ఎవరు ఎలా అర్థం చేసుకుంటారన్నది. పేరు చెప్పదలచుకోని ఒక చిన్న తపాలా కార్యాలయంలో కథల సంపుటాన్ని చూసి, ఇది చదువుకునే పుస్తకం కాదు కాబట్టి జ్ఞాన్ పోస్ట్ కిందికి రాదన్నారు. కథలు చదువుకోకపోతే ఇంకేమి చేసుకుంటారని అడగాలనిపించింది కానీ, వెనుక వరుసలో ఆధార్ పని మీద వచ్చినవాళ్లు నిలబడి ఉండగా సాహిత్య చర్చ పెట్టలేము. సాహిత్యం సాంస్కృతిక పుస్తకాల కిందికి వస్తుందని నెమ్మదిగా చెబితే ఒప్పుకునేవారూ ఉన్నారు, పై అధికారిని అడిగి చెబుతామనేవారూ ఉన్నారు. జిల్లా కేంద్రంలోని ప్రధాన తపాలా కార్యాలయంలో ఈ ఇబ్బంది నాకు బాగా తక్కువ. అక్కడ ఇటువంటి ప్యాకెట్లు తరచుగా వస్తాయి కాబట్టి సిబ్బందికి అలవాటైంది. కొత్తగా మొదలుపెట్టేవారు ఏదో ఒకే కార్యాలయాన్ని ఎంచుకుని, రద్దీ లేని వేళ వెళ్లి, అక్కడి కౌంటరు ఉద్యోగితో పరిచయం పెంచుకుంటే సగం చిక్కులు వాటంతట అవే పోతాయి.

వేగం గురించి ఆశలు పెట్టుకోకూడదు. జ్ఞాన్ పోస్ట్ ప్యాకెట్లు విమానం ఎక్కవు, నేల మీదే వెళతాయి. కడప ముంబై-చెన్నై రైలు దారిలో, గుంతకల్లుకు రేణిగుంటకు నడుమ ఉన్నందున దక్షిణాది నగరాలకు మరీ ఆలస్యం కాదు, కానీ ఉత్తరాదికి, ఈశాన్యానికి పంపినప్పుడు ట్రాకింగ్‌లో ఒకే ఊరి పేరు రోజుల తరబడి కదలకుండా ఉంటే కంగారు పడనక్కర్లేదని కొనేవారికి ముందే చెప్పి ఉంచాలి. 2025 ఏప్రిల్‌లో 16,347 ఉపాధ్యాయ పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చి, జూన్‌లో పరీక్షలు మొదలైనప్పుడు ఈ తేడా బాగా అర్థమైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే జ్ఞాన్ పోస్ట్ కొత్తగా వచ్చింది. పాత పాఠ్యపుస్తకాలు, బోధనా పద్ధతుల పుస్తకాలు అడిగిన అభ్యర్థులకు చవక మార్గం ఉందని చెప్పినా, పరీక్ష ముంచుకొస్తుంటే పుస్తకం వారం ఆలస్యంగా వచ్చి ఏమి లాభమని చాలామంది ఎక్కువ ఖర్చుకే సిద్ధపడ్డారు. వారి మాట సమంజసమే. చవకదనం విలువ పుస్తకం ఎవరికి, ఎప్పుడు కావాలన్న దాన్ని బట్టి మారుతుంది. విద్య కోసమని పేరు పెట్టిన సేవ విద్యార్థికి అత్యవసరమైన వేళ ఉపయోగపడకపోవడం మాత్రం కొంచెం విచిత్రంగానే ఉంటుంది.

నేల మార్గంలో ఎన్నో చేతులు మారి, ఎన్నో సంచుల్లో పడి వెళుతుంది కాబట్టి కట్టడంలో శ్రద్ధ రెట్టింపు కావాలి. నేను అనుసరించే పద్ధతి ఇది. పుస్తకాన్ని ముందుగా పలుచని పాలిథిన్ కవరులో పెట్టి అంచులు మడిచి అంటిస్తాను, ఎందుకంటే వానాకాలంలో తడిసిన పుస్తకం ఆరినా అట్టలు వంకర తిరిగి, పుటలు అలలు తేలిపోతాయి. దానిపై రెండు వైపులా, పుస్తకం కన్నా అర అంగుళం పెద్దదిగా కత్తిరించిన అట్టముక్కలు పెడతాను. ఆ అర అంగుళమే మూలలను కాపాడుతుంది. సంచి ఎత్తి పడేసినప్పుడు దెబ్బ అట్ట అంచుకు తగిలి ఆగిపోతుంది. పైన గోధుమరంగు కాగితం చుట్టి టేపు వేసి, బరువు కిలో దాటితే పురికొసతో అడ్డంగా నిలువుగా ఒక్కో చుట్టు బిగిస్తాను. చిరునామా కాగితం మీద తడి తగిలినా చెదరకుండా పైన పారదర్శకమైన టేపు ఉండాలి, కానీ బార్‌కోడ్ అంటించే చోటు ఖాళీగా వదలాలి. అట్టపెట్టెల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కానీ, పక్క అంగడిలో ఊరికే ఇచ్చే సబ్బుల పెట్టెలు కోసుకునే మాకు ఆ తగ్గింపుతో పెద్దగా ఒరిగిందేమీ లేదు.

ఇంట్లో గ్రాముల వరకు చూపించే తూకం ఉండటం తప్పనిసరి. రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది కాబట్టి 980 గ్రాముల పుస్తకాలకు చుట్టిన అట్టా కాగితమూ కలిసి కిలో దాటితే తర్వాతి మెట్టు రుసుము కట్టాలి. అట్టను కొంచెం పలుచనిది ఎంచుకుంటే ఆ మెట్టు కిందే ఆగవచ్చు. అయితే రూపాయలు మిగుల్చుకోవడానికి అట్టను పూర్తిగా తీసేయడం తెలివైన పని కాదు. మూల నలిగిన పుస్తకానికి డబ్బు వాపసు ఇవ్వవలసి వస్తే మిగిలినదానికి పదింతలు పోతుంది.

ప్రైవేటు కొరియర్లను పూర్తిగా వదులుకోలేదు. పలు కొరియర్లను ఒకేచోట చూపించే యాప్‌ల ద్వారా పంపితే నగరాలకు వేగంగా చేరతాయి, ఇంటికి వచ్చి తీసుకెళతారు. వాటిలో సాధారణంగా అర కిలో చొప్పున రేటు కడతారు, పైగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి వచ్చిన బరువును అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. పుస్తకం గట్టి సరుకు కాబట్టి ఈ లెక్క మనకు పెద్దగా అడ్డు రాదు. గొట్టంలో చుట్టి పంపే పటాలకు, పెద్ద పెట్టెలో ఖాళీ ఎక్కువగా ఉన్న బొమ్మల పుస్తకాలకు మాత్రం తడిసి మోపెడవుతుంది. ఒక కొరియర్ సంస్థ, పేరు ఇక్కడ అనవసరం, నేను తూచి పంపిన ప్యాకెట్టును మళ్లీ తూచామంటూ ఎక్కువ బరువు చూపి నా ఖాతా నుంచి అదనపు మొత్తం తీసుకుంది. ప్యాక్ చేసిన కట్టను తూకం మీద పెట్టి తీసిన ఫోటో ఉన్నందున ఆ డబ్బు తిరిగి వచ్చింది. ఆ ఫోటో అలవాటు ఎవరికైనా పనికొస్తుంది. పుస్తకం చేతికి వచ్చాక డబ్బు కట్టే పద్ధతిని మాత్రం నేను పూర్తిగా మానుకున్నాను. తీసుకోకుండా తిప్పి పంపితే రానూ పోనూ ఖర్చు రెండూ అమ్మినవాడి నెత్తినే పడతాయి, తక్కువ ధర పుస్తకంలో ఆ నష్టాన్ని పూడ్చుకునే లాభమే ఉండదు. విజయవాడ, తిరుపతి వంటి ఊళ్లలోని పుస్తకాల అంగళ్లకు పెట్టెల కొద్దీ పంపాలంటే ఆర్టీసీ కార్గోయే మేలు, కానీ అది వేరే లెక్క.

అరుదైన ప్రతి అయితే స్పీడ్ పోస్టే వాడతాను. కొత్త విధానంలో ఐదు రూపాయలు, దానిపై పన్ను అదనంగా కడితే రిజిస్ట్రేషన్ సౌకర్యం దొరుకుతుంది, అంటే చిరునామాలో పేరున్న మనిషికో ఆయన అధికారం ఇచ్చినవారికో మాత్రమే అందిస్తారు. మరో ఐదు రూపాయలతో ఓటీపీ చెబితేనే అందించే ఏర్పాటు కూడా ఉంది. అపార్ట్‌మెంటు కాపలాదారు చేతిలో పెట్టి వెళ్లిపోయారన్న ఫిర్యాదు తరచుగా వినిపించే ఈ రోజుల్లో, విలువైన పుస్తకానికి ఈ ఖర్చు పెట్టడం దండగ కాదు. విద్యార్థులకు స్పీడ్ పోస్ట్‌లో పది శాతం రాయితీ కూడా ఇచ్చారు కానీ, పంపేది విద్యార్థి కాదు కాబట్టి మా దగ్గర కొనే విద్యార్థులకు దానితో ప్రయోజనం లేదు.

జ్ఞాన్ పోస్ట్ వచ్చాక నేను అమ్మే తీరు కూడా మారింది. ఇదివరకు డెలివరీ ఉచితమని రాసి తపాలా ఖర్చును పుస్తకం ధరలోనే కలిపేవాడిని. దానివల్ల ఐదు పుస్తకాలు కొన్నవారు ఐదుసార్లు తపాలా ఖర్చు కట్టినట్లయ్యేది, ఒకటి కొన్నవారి దగ్గర నాకు మిగిలేది కాదు. ఇప్పుడు పుస్తకం ధర, తపాలా ఖర్చు విడివిడిగా చూపిస్తూ, చవకగా నిదానంగా కావాలా, ఖరీదైనా త్వరగా కావాలా అని కొనేవారినే ఎంచుకోమంటున్నాను. ఒక పుస్తకం అడిగినవారికి, అదే బరువు మెట్టులో ఇంకో పలుచని పుస్తకం కూడా అదనపు ఖర్చు లేకుండా వస్తుందని చెబితే తరచుగా రెండోది కూడా తీసుకుంటారు. ఆర్డరు ఇచ్చి వారం వరకు ఇంకేమైనా చేర్చుకోవచ్చని చెప్పి కట్టను తెరిచే ఉంచుతున్నాను. తొందర లేని పాఠకులు, ముఖ్యంగా ఊళ్లలో గ్రంథాలయాలు నడిపేవారు, ఉపాధ్యాయులు, దీన్ని బాగా ఇష్టపడుతున్నారు. ఐదు కిలోల కట్ట వంద రూపాయలు, పన్నుతో వెళ్లిపోతుంటే విడిగా ఒక్కొక్కటి తెప్పించుకునే అవసరం వారికి లేదు.

ఈ సేవలో నాకు తీరని కొరత ఒకటి ఉంది. ఇది తపాలా శాఖ నేరుగా నడిపే కార్యాలయాల్లోనే దొరుకుతుంది. జిల్లాలో చాలా పల్లెలకు ఉన్నది ఆ కోవలోకి రాని బ్రాంచి పోస్టాఫీసు మాత్రమే. చేనేత పల్లెల్లోనూ మండలాల్లోనూ ఉండి సొంత కవితా సంపుటాలు, స్థానిక చరిత్రలు అచ్చు వేసుకుని అమ్ముకునేవారు ఒక ప్యాకెట్టు కోసం బస్సెక్కి పట్నం రావాలి. రానూ పోనూ చార్జీలు కలిపితే స్పీడ్ పోస్ట్‌తో పోలిస్తే మిగిలేదేమిటో వారే లెక్క చూసుకోవాలి. ఈ దారిలో వచ్చేవారు రెండు మూడు వారాల ఆర్డర్లు కూడబెట్టుకుని ఒకేసారి వస్తున్నారు, లేకుంటే పట్నంలో ఉన్న మాలాంటివారికి ప్రతులు ఇచ్చి మా ద్వారా పంపిస్తున్నారు. బ్రాంచి పోస్టాఫీసుల్లో స్పీడ్ పోస్ట్ తీసుకుంటున్నప్పుడు ఇది తీసుకోవడానికి ఇబ్బందేమిటో తపాలా శాఖ ఆలోచించాలి. ఆ సౌకర్యం వచ్చేదాకా, మండలాల్లో ఉన్న ప్రచురణకర్తలు ప్రతుల కట్టను పట్నం పంపేముందు ఒక్కో పుస్తకం బరువు తూచి, కవరు మీద పెన్సిలుతో రాసి ఇస్తే, ఇక్కడ కట్టలు కలిపేటప్పుడు ఏది ఏ మెట్టులో సరిపోతుందో చూసుకోవడం మాకు సులువవుతుంది.